అరుపులేగానీ అరువుల్లేవు

పెద్ద హీరో సినిమా మూడో రోజుకే మంచమెక్కింది.

ఊరూ పేరూ లేని కుర్రాళ్లు తీసిన దెయ్యం సినిమా మాత్రం రెండో వారంలోనూ హౌస్‌ఫుల్!

"పిశాచి కాదురా, పైసాచి!" అన్నాడు తిరుపతిరావు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ థియేటర్ నడిపే ఆసామి. "అందరికీ భూతమంటే గతం. మనకి భవిష్యత్తు!"

గేటు దగ్గర టిక్కెట్లు చింపే పవన్‌కుమార్ నవ్వాడు. నవ్వకపోతే మళ్లీ చెబుతాడని భయం.

జనం వచ్చేది కథ కోసం కాదు. ఇంటర్వెల్ ముందు దెయ్యం అరిచే ఒక్క అరుపు కోసం. ఆ అరుపుకి హాల్లో పాప్‌కార్న్ గాల్లోకి లేచేది.

అందుకే తిరుపతిరావు ఓ పోటీ పెట్టాడు. టిక్కెట్ల కిటికీ పక్కన మైకు. అచ్చం అలా అరిచినవాళ్లకి ఓ సీటు ఫ్రీ.

ఆదివారం మ్యాట్నీకి ఒకావిడ వచ్చింది. నడివయసు, నల్ల బురఖా, చేతిలో మంచినీళ్ల సీసా.

"టిక్కెట్లు అయిపోయాయంటున్నారండీ. ఒక్కటి ఇప్పించండి. ఇబ్రహీంపట్నం నుంచి వచ్చాను."

గొంతు తిత్తి చిరిగిన హార్మోనియంలా ఉంది.

"గట్టిగా చెప్పండమ్మా!"

"ఇంటర్వెల్ దాకా చాలండీ. నిలబడైనా చూస్తా. ఆ అరుపు..."

"అరువా?" తిరుపతిరావు చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. "ఇక్కడ అరుపులేగానీ అరువుల్లేవమ్మా!"

లైనంతా ఘొల్లుమంది. జనం నవ్వాక ఆగే రకం కాదు తిరుపతిరావు.

"అరువు కాదండీ, అరుపు. అది నా..."

"మీ నాన్నగారిదైనా సరే, రూలు రూలే! అరిస్తే సీటు. ఇదిగో మైకు."

ఆవిడ మైకు అందుకుంది. పట్టుకున్న తీరు మాత్రం వాటంగా ఉంది. నోటికి బెత్తెడు దూరంలో, కాస్త పక్కకి.

కళ్లు మూసుకుంది. నోరు తెరిచింది.

ఉస్సుమని గాలి వచ్చింది.

"టైరు పంక్చరు!" అన్నారు లైన్లో ఎవరో.

"దెయ్యానికున్న గొంతు మనిషికి లేకపోయెనే!" అన్నాడు తిరుపతిరావు, మైకులోనే.

ఆవిడ కూడా నవ్వబోయింది. నవ్వు రాలేదు. మైకుని పవన్‌కుమార్ చేతికి జాగ్రత్తగా ఇచ్చి, "వస్తా బాబూ" అంది.

ఇంటర్వెల్లో పవన్‌కుమార్ టిక్కెట్ల కిటికీ దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆవిడ వెళ్లలేదు. ఇప్పటిదాకా హాలు గోడకి చెవి ఆనించి నిలబడింది. అరుపు వినపడగానే కళ్లు తుడుచుకుని బస్సెక్కేసింది."

"గోడకి చెవులుంటాయన్నారుగానీ..." అంటుండగానే ఫోన్ మోగింది. సినిమా డైరెక్టరు.

"తిరుపతిరావుగారూ, అక్తరున్నీసాగారు వచ్చారా? ఒక సీటు ఉంచమని పొద్దున్నే మెసేజ్ పెట్టాను, చూశారా?"

"చూళ్లేదండీ. ఎవరావిడ?"

"మన దెయ్యం అరుపు ఆవిడదే కదండీ! డబ్బింగ్‌లో నాకు నచ్చేదాకా పొద్దస్తమానం అరిపించాను. హాల్లో జనం మధ్య ఒక్కసారి వింటానన్నారు."

తిరుపతిరావు చెయ్యి దానంతట అదే మైకు స్విచ్చి నొక్కి ఆపేసింది.

"ఆవిడ... ఏదో... అరువన్నట్టు వినపడిందండీ," అని గొణిగాడు.

"అరువే అనుకోండి సార్," అన్నాడు డైరెక్టరు. "ఆ రోజు మనకిచ్చిన గొంతు ఆవిడకి మళ్లీ తిరిగి రాలేదు."