మూడో చప్పుడు

ఆ రోజుకి అది నాలుగో విమానం. నిలబడీ నిలబడీ ఎయిర్‌హోస్టెస్‌కి కాళ్లు లాగేస్తున్నాయి. నవ్వీ నవ్వీ దవడలు నొప్పెడుతున్నాయి.

ఇంకాసేపట్లో దిగుతారనగా కాక్‌పిట్ నుంచి కెప్టెన్ ఫోన్ చేశాడు.

"చక్రాలు కిందికి దిగడం లేదమ్మా. చేత్తో పిడి లాగి దించుతాం. జనాన్ని నువ్వు చూసుకో."

ఆమె మైకులో సంగతి చెప్పగానే గోల మొదలైంది.

చివరి వరుసలో నలిగిన చొక్కా ముసలాయన పక్క సీట్లోని తల్లీకూతుళ్లకి ఏదో చెబుతున్నాడు.

"కాళ్ల కింద దబ్బుమని మూడు చప్పుళ్లు వస్తాయమ్మా. చక్రానికొకటి. అవి మంచి చప్పుళ్లే, భయపడకండి."

ఎయిర్‌హోస్టెస్‌కి ఒళ్లు మండింది.

"లేనిపోనివన్నీ చెప్పి బెదరగొట్టకండి సార్! మీకేం తెలుసని?"

"సరేనమ్మా," అని ఆయన తల దించుకున్నాడు.

దబ్!

పాప ఒక వేలు ముడిచింది.

దబ్!

రెండో వేలు.

మూడో చప్పుడు రాలేదు.

ముందు వరుసలవాళ్లు కూడా ముసలాయనవైపు తిరిగారు. ఎయిర్‌హోస్టెస్ కూడా తెలీకుండానే ఆయనవైపు చూసింది.

"మళ్లీ లాగుతారు," అన్నాడాయన మెల్లగా. "ఒక్కసారి లాగి వదిలేయరమ్మా."

గొంతు నిలకడగానే ఉంది. చేతులు మాత్రం ముందు సీటుని గట్టిగా పట్టుకున్నాయి.

దబ్!

విమానం క్షేమంగా దిగింది. జనం ఏడుస్తూనే చప్పట్లు కొట్టారు.

గుమ్మం దగ్గర అందరినీ సాగనంపాక, ఆయనకి క్షమాపణ చెప్పుకుందామని ఎయిర్‌హోస్టెస్ కిందికి దిగి వెతికింది.

"ఆ తాతగారా? మొదటి బస్సులోనే వెళ్లిపోయారండీ," అంది పాప తల్లి.

చెమటతో తడిసిన కెప్టెన్ మెట్ల మీదే చతికిలబడ్డాడు.

"వెనక సీటాయన అన్నీ ముందే చెప్పేశారు సార్. ఆయన వల్లే జనం కుదురుగా కూర్చున్నారు. నేనేమో కసురుకున్నాను," అంది ఎయిర్‌హోస్టెస్.

కెప్టెన్ ప్రయాణికుల జాబితా అడిగి తీసుకున్నాడు. ఆ సీటు ఎదురుగా ఉన్న పేరు మీద వేలు ఆనించి మళ్లీ చదివాడు.

"ఇవాళ మేం ప్రమాదాల్లో ఏం చెయ్యాలో చెప్పే పుస్తకంలో ఏ పేజీ చూసి చక్రాలు దించామో, ఆ పేజీ రాసింది ఆయనేనమ్మా," అన్నాడు. "అలాంటి పేజీ ఒకటి లేని రోజుల్లో, చక్రాలు రాకుండానే ఆయన దించాల్సి వచ్చిన విమానంలో తొమ్మిదిమంది బతకలేదు."