తిరిగెళ్తామనడానికి రుజువు

"చలికాలం అయిపోయాక మీ కెనడాకి తిరిగెళ్తారని నమ్మకమేంటి?" అమెరికా సరిహద్దులో అధికారి కారాపి అడిగాడు. "ఇల్లుందా?"

"అమ్మేశాం," అన్నాడు లారెన్స్.

"ఉద్యోగం?"

"రిటైరయ్యా."

"పిల్లలు?"

"మీ ఫ్లోరిడాలోనే."

"ఈయన నిజాలు మనల్ని వెనక్కి పంపేలా ఉన్నాయి," గొణిగింది రెండో భార్య ఎడ్నా.

లారెన్స్ ఫోన్లో ఫోటో చూపించాడు. "మా కెనడాలో, విన్నిపెగ్ శ్మశానంలో మా సమాధి రాయి. పేర్లు చెక్కించాను. మేం చెక్కేసే తేదీలే ఖాళీ."

"లారెన్స్, ఎడ్నా," చదివాడు అధికారి.

ఎడ్నా ఫోన్ లాక్కుంది. "మీరు పోయిన మీ మొదటావిడ పక్కన పడుకుంటారనుకున్నానే!"

"ఆవిడ వాళ్ళమ్మ పక్కనుంది. ఇది మనది."

"సరే, ఆర్నెల్లు ఉండొచ్చు," అన్నాడు అధికారి.

ఎడ్నా ముక్కు చీదింది. "అన్నాళ్ళెందుకు బాబూ, నాలుగు నెలలు చాలు. వెళ్ళి మా రాయి చూసుకోవాలి."