తలకిందుల లైను

"తినేసింది! మళ్ళీ తినేసింది!" అని అరిచాడు పెంగ్.

డైరెక్టర్ జెంగ్ ఉలిక్కిపడి పరీక్ష మిషను నెత్తికేసి చూశాడు. మిషన్లు బుద్ధిగా ఉండాలని, చిప్పులు చేసే ఊరు షిన్‌చూలో ప్రతి ల్యాబులోనూ పెట్టే ఆకుపచ్చ చిరుతిండి పొట్లం అక్కడే ఉంది.

"ఉందిగా! తారీఖు కూడా దాటలేదు. ఎవరు తిన్నారయ్యా?"

"పొట్లం కాదు సార్, డేటా! చిప్పు డేటా తినేసింది."

"అదా! పొట్లమేమో అనుకుని హడలిపోయాను," అన్నాడు జెంగ్. ఆ తర్వాత నిజంగా హడలిపోయాడు. రైలు కెమెరాలు చేసే ఒసాకా కంపెనీ పెద్దమనిషి సరుకు కొనేముందు పరీక్ష చూడ్డానికి మూడింటికి వస్తున్నాడు. ఇప్పుడు రెండున్నర. ఆయన ముందు కూడా ఈ చిప్పు పెట్టిన మెమరీ కార్డు ఇలాగే డేటా తింటే, గోదాములో ఉన్న అరవై వేల చిప్పులూ తుక్కులోకి, డ్రైవరు పెంగ్ ఇంటికి. చిప్పు పోతే చేతికి చిప్పే!

పెంగ్ డ్రైవరే గాని బండి తోలడు. చిప్పును తోలే ప్రోగ్రాం రాస్తాడు. దాన్నీ డ్రైవరే అంటారు. వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ "మావాడికి బస్సు ఎప్పుడిస్తారో" అని దిగులు పడుతుంటుంది.

అసలు గుట్టు పెంగ్‌కి ఎప్పుడో తెలుసు. ఆ చిప్పు పుట్టుకతోనే తిరకాసుది. రాస్తున్నంతసేపూ "ఖాళీగా ఉన్నా" అంటుంది. ఖాళీ కాగానే "పనిలో ఉన్నా" అంటుంది. ఆ మాట నమ్మి అది పనిలో ఉండగా ఇంకా డేటా పంపితే, పంపిందంతా గల్లంతే. మూడేళ్ళ కిందట ఈ మాట చెబితే చిప్పు డిజైన్ చేసిన ఫాన్ అక్క నిప్పులు కక్కింది. పేరుకే ఫాన్, విసిరేదంతా వడగాలి.

"నా చిప్పులో తప్పా? నీ కళ్ళలో ఉంది తప్పు!"

పెద్దావిడ పరువు పదిమందిలో తీయడమెందుకని, పెంగ్ తన డ్రైవరులో గుట్టుగా ఒక లైను ఇరికించాడు. చిప్పు ఏం చెప్పినా తిరగేసి నమ్మాలి, అంతే. మూడేళ్ళపాటు కార్డులు బంగారంలా పనిచేశాయి. కొత్త బ్యాచ్ చిప్పులొచ్చిన ఈ వారమే ఈ తిండి మొదలైంది.

మూడయింది. ఒసాకా పెద్దమనిషి వచ్చి కూర్చున్నాడు. కార్డు ఆయన కళ్ళముందే తినేసింది.

"డ్రైవరుదే తప్పు," అంది ఫాన్ అక్క. "నా చిప్పు ఇప్పుడు కడిగిన ముత్యం."

పెంగ్‌కి ఒళ్ళు మండింది. "సరే అక్కా! మూడేళ్ళుగా మీ పరువు మీద నేను కప్పిన దుప్పటి ఇదిగో, లాగేస్తున్నా. అందరూ చూడండి, దీని అసలు రంగు!"

ఆ లైను చెరిపేసి బటన్ నొక్కాడు.

కార్డు రాసింది. చదివింది. పదివేలసార్లు రాసి పదివేలసార్లూ చదివింది. ఒక్క అక్షరం తినలేదు.

ఒసాకా పెద్దమనిషి నడుం వంచి అభినందించాడు. జెంగ్ గుండెలనిండా ఊపిరి పీల్చుకుని, ఆ ఊపిరితోనే పెంగ్ మీద విరుచుకుపడ్డాడు.

"ఏమయ్యా! తీసేస్తే పనిచేసే లైను అసలెందుకు పెట్టావ్? అరవై వేల చిప్పుల్నీ తుక్కు చేయబోయింది నువ్వా?"

పెంగ్ లైను చెరిపిన చోటుకేసి చూశాడు. చిప్పు ఇంత చక్కగా పనిచేస్తుంటే, దానికి తిరకాసు ఉండేదంటే ఎవరు నమ్ముతారు?

ఫాన్ అక్క మెల్లగా లేచింది. చెవులు ఎర్రగా కందిపోయాయి.

"అతన్నేమీ అనకండి. మూడేళ్ళ కిందట తప్పు నా చిప్పుదే. ఈ బ్యాచ్‌లో చడీచప్పుడు లేకుండా సరిచేసేశాను. ఇతను తిరగేస్తున్నాడని నాకేం తెలుసు?"

పెంగ్‌కి గుండెల మీంచి బండ దిగినట్టయింది. నవ్వూ వచ్చింది. "ఆ ఒక్క ముక్క నాతో అనొచ్చుగా అక్కా!"

"ఎలా అనేదిరా? తప్పే లేదన్నదాన్ని, దిద్దానని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"