మోగిన గాజు

"మా అన్నయ్య చేయించిందండీ, చూడక్కర్లేదు," అందామె.

పాత బంగారం కొనే షాపులో అప్రైజరు ఎడమచేత్తో గాజు పట్టుకుని, కుడిచేతిలోని డిటెక్టరు దానికి ఆనించాడు. ఆ డిటెక్టరు బంగారానికి పలకదు, ఇనుము తగిలితేనే మోగుతుంది.

మోగింది.

"లోపల ఇనుముందమ్మా."

షాపంతా ఇటు తిరిగింది. ఆ మాట కాస్త మెల్లగా అనాల్సిందని అతనికి అప్పుడు తోచింది.

ఆమె అక్కడే ఫోను తీసింది. "అన్నయ్యా, నా చేతికి ఇనుము తొడిగావా? ఇక నీ గడప తొక్కను." అవతలి మాట వినకుండానే పెట్టేసింది.

"గాజు తీసుకోండమ్మా."

"మీరే పారేయండి."

ఆమె మెట్లు దిగిపోయింది. పారేయడానికి చేతులు రాక, గాజు పక్కన పెట్టి తర్వాతి మనిషి ఉంగరం అందుకున్నాడు. మోగింది. ఉంగరం కింద పెట్టి, ఖాళీ ఎడమచేతికే డిటెక్టరు ఆనించి చూశాడు. మళ్ళీ మోగింది.

మణికట్టున కొత్త స్టీలు వాచీ. రోజూ సీట్లో కూర్చోగానే వాచీ విప్పేసేవాడు. దీన్ని మాత్రం పొద్దున్నే అతని చెల్లెలు, విప్పనని ఒట్టు వేయించుకుని మరీ కట్టింది.

వాచీ విప్పి గాజును మళ్ళీ చూశాడు. డిటెక్టరు కిక్కురుమనలేదు.

గాజు పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. ఆమె పేరైనా అడగలేదు. ఏమని పిలవాలో తెలియక "చెల్లెమ్మా" అని కేకేశాడు.

ఎవరూ వెనక్కి తిరగలేదు.