పాత వాచీకి కొత్త తెలివి

“ఒప్పుకున్నారమ్మా! పాత వాచీలకి కూడా ఇస్తారంట!”

ఫోన్‌లో శాలిని గొంతు సంబరంగా ఉంది. తెరేసమ్మకి మాత్రం ఒక్క ముక్క అర్థం కాలేదు.

“ఎవరే ఒప్పుకుంది?”

“వాచీ కంపెనీవాళ్ళు. నాన్న వాచీ పాత మోడల్, దానికిక కొత్త ఫీచర్లు రావు, కొత్త వాచీ కొనుక్కోండి అన్నారు కదా. మేమేమన్నా ఊరికే తీసుకున్నామా? పాతవాళ్ళని గాలికొదిలేస్తారా అని మెయిల్ మీద మెయిల్ కొట్టా. నాలాంటివాళ్ళు చాలామందే పోట్లాడారులే. చివరికి దిగొచ్చారు.”

“అల్లుడుగారు కొత్తది కొందామన్నారుగా?”

“కొత్తది పంపితే నాన్న పెట్టుకుంటాడా అమ్మా? ఏదో అలవాటైపోయింది కాబట్టి పాతది తియ్యట్లేదు. నాతో మాట్లాడకపోతే మానె, నేను పంపిన వాచీ పెట్టుకుని రోజూ నడుస్తున్నాడు. నాకది చాలు.”

తెరేసమ్మ మాట మార్చింది. “ఇంతకీ ఏం చేస్తుందే ఆ కొత్తది?” అంది.

“నాన్న గుండె తేడాగా కొట్టుకుంటే వెంటనే నా ఫోన్‌కి చెప్పేస్తుంది. దానికోసం ముందు పెట్టుకున్న మనిషెవరో గుర్తుపడుతుంది. నాన్న కాకుండా ఇంకెవరు పెట్టుకున్నా పట్టేస్తుంది!”

ఆ మాట వినగానే తెరేసమ్మ ఏదో పనుందని ఫోన్ పెట్టేసింది.

నాలుగేళ్ళ కిందట శాలిని రాఘవని రిజిస్ట్రారాఫీసులో పెళ్ళి చేసుకుంది. గుడిలో, ఫాదర్‌గారి ఎదుట జరగని పెళ్ళి పెళ్ళే కాదన్నాడు వాళ్ళ నాన్న శౌరయ్య. అంత మొండిమనిషి భవానీపురంలోనే కాదు, కృష్ణ అవతలి ఒడ్డున వెతికినా దొరకడు. ఆ ఏడే ఆయనకి గుండెపోటొచ్చింది. స్టెంటు వేసి, రోజూ నడవమన్నారు. విశాఖ నుంచి కూతురు ఆస్పత్రికి పరిగెత్తుకొస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. తర్వాత ఆ పిల్ల, నాన్న నడక లెక్క తన ఫోన్‌లో కనపడేలా ఈ వాచీ పంపింది. ఆయన పెట్టె కూడా విప్పలేదు. రోజూ డాబా మీద నడిచేవాడు గాని, వాచీ వంక కన్నెత్తి చూడలేదు.

అవతల పిల్ల ఫోన్ చేసి, “నాన్న పెట్టుకున్నాడా అమ్మా?” అని ఒకటే ఏడుపు. ఏ తల్లికి కాదనబుద్ధేస్తుంది? పెట్టుకున్నాడమ్మా అనేసింది తెరేసమ్మ. అన్నందుకు మర్నాడు పొద్దున్నే వాచీ తన చేతికే తగిలించుకుని కృష్ణ ఒడ్డుకి నడకకి బయల్దేరింది. ఆ అబద్ధాన్ని ఫాదర్‌గారి ముందు ఒప్పుకుని పాపసంకీర్తనం కూడా చేసింది. చేసి, బయటికొచ్చి, మళ్ళీ వాచీ పెట్టుకుంది. ఇన్నేళ్ళూ అలాగే గడిచిపోయింది.

ఇప్పుడేమో ఇదొచ్చిపడింది. ఆ సాయంత్రమే వన్ టౌన్‌లో అంతోని వాచీల కొట్టుకి వెళ్ళింది. ఆదివారం పూజలో కనపడేవాడే కాబట్టి చొరవగా అడిగింది.

“బాబూ, మా అమ్మాయి ఫోన్‌లో సరే అని నొక్కేసిందంట, అయినా దీనికి కొత్తవేవీ ఎక్కకుండా చెయ్యి. పాతది పాతదానిలాగే ఉండనీ.”

అంతోని నవ్వాడు. “అందరూ ఎక్కించమని నా ప్రాణం తీస్తుంటే మీరు వద్దంటారేంటి పిన్నిగారూ? అమ్మాయి ఫోన్‌లో సరే అని నొక్కేసిందంటున్నారుగా. రాత్రికి ఇంట్లో వైఫై తగిలితే దానంతటదే ఎక్కేస్తుంది. నా చేతుల్లో ఏం లేదండీ.”

“ఎక్కితే... పెట్టుకున్నదెవరో దానికి తెలిసిపోతుందా?”

“ఎందుకు తెలీదండీ? ఇన్నేళ్ళ నాడి, నడక అన్నీ అందులోనే ఉన్నాయిగా. వాటితో పోల్చి చూసుకుంటుంది. తేడా వచ్చిందో, పట్టేస్తుంది.”

తెరేసమ్మకి ఆ చివరి మాటే చెవిన పడింది. ఇంటికొచ్చేదాకా ఆటోలో కళ్ళు తుడుచుకుంటూనే ఉంది. నాన్న ఒక్కరోజు కూడా వాచీ ముట్టుకోలేదని తెలిస్తే ఆ పిల్ల ఏమైపోతుంది? ఉన్న ఆ కాస్త ఓదార్పూ పోతుంది కదా అని కుమిలిపోయింది.

తెల్లారేసరికి కొత్తది ఎక్కేసినట్టు వాచీ చూపిస్తోంది. తెరేసమ్మ దాన్ని చేతికి పెట్టుకోలేదు. మరియమాత పటం దగ్గర పెట్టేసి, వెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకుంది.

“నడకకి పోలేదేం?” గుమ్మంలోంచి అడిగాడు శౌరయ్య.

“ఒంట్లో నలతగా ఉంది.”

“మరి వాచీ?”

తెరేసమ్మ ఉలిక్కిపడింది. ఇన్నేళ్ళలో ఆ మాట ఆయన నోట రావడం అదే మొదలు. అంటే ఈ భాగోతమంతా ఆయనకి తెలుసన్నమాట!

“ఇక పెట్టుకోను. ఎన్నాళ్ళని ఆ పిల్లని మోసం చెయ్యను? నావల్ల కాదు,” అంది ఏడుస్తూ.

శౌరయ్య గుమ్మంలోంచి వెళ్ళిపోయాడు. ఇంత జరిగినా ఒక్క మాట అనడేం ఈ మనిషి అని తెరేసమ్మకి కడుపు మండిపోయింది. ఏడ్చి ఏడ్చి అలాగే నిద్రపోయింది.

ఫోన్ మోగితే మెలకువొచ్చింది.

“అమ్మా! నాన్న వాచీ ఎవరు పెట్టుకున్నారు?” శాలిని గొంతు వణుకుతోంది.

తెరేసమ్మ దుప్పటి తోసేసింది. “ఏమైందమ్మా?”

“ఇందాకే నా ఫోన్‌కి వచ్చింది. రోజూ పెట్టుకునే మనిషి కాదంట. నాడి వేరంట, నడక వేరంట. నాన్న నా వాచీ ఎవరికైనా ఇచ్చేశాడా? నిజం చెప్పమ్మా, నేనేం అనుకోను.”

ఇవాళ తను వాచీ ముట్టుకోనే లేదే! తెరేసమ్మ గబగబా లేచి పటం వైపు చూసింది. అక్కడ వాచీ లేదు. ఫోన్ చెవిన పెట్టుకునే వరండాలోకి వెళ్ళింది. వీధి గేటు దగ్గర ఆగి చూసింది. శౌరయ్య కృష్ణ ఒడ్డు నుంచి నడిచొస్తున్నాడు. ఏడుపు ఆపుకోవడం ఆమె తరం కాలేదు.

“అమ్మా, మాట్లాడవేం? ఎవరమ్మా పెట్టుకుంది?”

“మీ నాన్న పెట్టుకున్నది ఇవాళేనమ్మా!”