తార్నాకలో పిజ్జా

"ఆదివారం సాయంత్రానికి మా ఇంట్లో టేబుల్ మీద పిజ్జా ఉండాలి. లేకపోతే నీ థీసిస్ నా బీరువాలోనే ఉంటుంది," అన్నారు ప్రొఫెసర్ సోమయాజులుగారు.

ఇన్నయ్య మనసులో రోజులు లెక్కపెట్టుకున్నాడు. నాలుగేళ్ళు రాత్రింబవళ్ళు చదివి రాసిన థీసిస్. దాఖలు చేయడానికి మంగళవారమే ఆఖరి రోజు. గైడుగా ఆయన సంతకం పెడితే చాలు, పనైపోతుంది. పెట్టకపోతే నాలుగేళ్ళూ గంగపాలు.

"అట్లనే సార్. గని, పిజ్జా అంటే ఏంది సార్?"

హైదరాబాద్‌లో పిజ్జా దుకాణాలు ఇంకా రాని రోజులవి. అయినా ప్రొఫెసర్‌గారు జాలిగా చూశారు. ఆయన ఐదేళ్ళ క్రితం రోమ్‌లో ఆరు నెలలు పాఠాలు చెప్పి వచ్చారు. ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్‌లో ఆ ఆరు నెలలు ఇప్పటికీ పూర్తికాలేదు.

"అది తిన్నవాడికే తెలుస్తుందోయ్. గుండ్రంగా ఉంటుంది, అంతే. రోమ్ నుంచి డాక్టర్ కార్లో వస్తున్నాడు. నేనక్కడ దోసె లేక అల్లాడిపోతుంటే, ఊరంతా గాలించి రోజూ దోసెలు తెచ్చిపెట్టిన మనిషి. రోమ్‌లో అతను దోసె తేగలిగినప్పుడు హైదరాబాద్‌లో నువ్వు పిజ్జా తేలేవూ? నా పరువేం కావాలి?"

ఇన్నయ్య ముందుగా డిపార్ట్‌మెంట్‌లోని రీడర్ వెంకటసుబ్బారావుగారిని అడిగాడు. ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు.

"పిజ్జాయేనా? కాచిగూడ స్టేషన్ ఎదురు సందులో ఉంటుందయ్యా. పదకొండులోపు వెళ్ళాలి. తర్వాత దొరకదు."

ఇన్నయ్య పదింటికే వెళ్ళాడు. ఆ సందులో ఉన్నదే ఒక్క హోటలు. యజమాని అతని మాట పూర్తి కాకముందే తల అడ్డంగా ఊపాడు.

"గిప్పుడే ఖతమైంది భాయ్. తార్నాకల అడుగు."

తార్నాక చౌరస్తాలో బేకరీ ఆయన పెదవి విరిచాడు.

"ఇదివరకు మేమే చేసేవాళ్ళమండీ. ఈ ఊరివాళ్ళకి ఆ రుచి తెలిస్తేగా? మానేశాం."

తెలియదంటే పరువు పోతుంది, తెలుసంటే పోయేదేముంది? మూడు రోజులు తిరిగేసరికి ఇన్నయ్యకి ఒకటి ఖాయమైంది. ఇంత పెద్ద పట్నంలో పిజ్జా తెలియని వెర్రివాడు తానొక్కడే.

శనివారం లైబ్రరీలో ఏదో ఫారిన్ పత్రికలో పిజ్జా బొమ్మ కనిపించింది. దాన్ని పట్టుకొని అడిక్‌మెట్ వచ్చి, తను అద్దెకున్న ఇంటి యజమానురాలు ఉప్పలమ్మ ముందు కూలబడ్డాడు.

"పెద్దమ్మా, గిది పిజ్జా అంట. రేపు లేకుంటే నా సదువు మట్టిల కలుస్తది."

"నాకు తెల్వదు బిడ్డా," అంది ఉప్పలమ్మ.

తెలియదన్న మనిషి దొరికినందుకే ఇన్నయ్యకి ప్రాణం లేచొచ్చింది. ఆమె బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసింది.

"గీ మాత్రానికేనా ఇంత ఫికరు? సర్వపిండే గదా ఇది! బియ్యప్పిండి గిన్నెల ఒత్తి కాల్చిండ్రు. మీద టమాట తొక్కు పూసి, ఇరిగిన పాలు జల్లిండ్రు. రేపు చేసిస్త తియ్యి."

"బాపనోళ్ళ ఇంటికి పెద్దమ్మా. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఎయ్యకు."

ఆదివారం సాయంత్రం సైకిల్ వెనక గిన్నె కట్టుకొని ఇన్నయ్య తార్నాక చేరాడు. సోమయాజులుగారింట్లో మడీ ఆచారం గట్టివే, కానీ ఫారిన్ సరుకుకి అంటు లేదు. ఆయన భార్య అరుంధతమ్మ మూత తీసి చూసింది. ఇన్నయ్య మొహం చూసింది. నవ్వాపుకొని పళ్ళాల్లో పెట్టింది.

ప్రొఫెసర్‌గారు ఓ ముక్క విరిచి నోట్లో వేసుకొని కళ్ళు మూసుకున్నారు.

"ఆహా! అదే రుచి. రోమ్‌లో తిన్నట్టే ఉంది. ఏమంటావు కార్లో?"

ఇన్నయ్య కార్లో నోటివైపే చూస్తున్నాడు. ప్రొఫెసర్‌గారి సంగతి సరే, ఈయన పిజ్జా దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. ఒక్క మాటంటే చాలు, థీసిస్ బీరువాలోకి వెళ్తుంది. కార్లో నెమ్మదిగా నమిలాడు. సర్వపిండిలోని పల్లీ పలుకు తగిలినచోట ఆగాడు. ఇన్నయ్యని ఎగాదిగా చూశాడు.

"అద్భుతం," అన్నాడు. "మా ఊళ్ళో కూడా ఇంత బాగా చేయరు."

పొంగిపోయిన ప్రొఫెసర్‌గారు చెయ్యి కడుక్కొని వచ్చి, బీరువా తెరిచి, థీసిస్ మీద అక్కడికక్కడే సంతకం పెట్టారు. అతిథిని యూనివర్సిటీ గెస్ట్‌హౌస్ దాకా దిగబెట్టి రమ్మన్నారు.

క్యాంపస్ రోడ్డెక్కాక ఇన్నయ్య ఉండబట్టలేకపోయాడు. వచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకున్నాడు.

"క్షమించాలి సార్. మీరు తిన్నది పిజ్జా కాదు. మా ఇంటి యజమానురాలు చేసిన సర్వపిండి. తెలిసి కూడా నన్నెందుకు కాపాడారు?"

కార్లో నవ్వి, ఇన్నయ్య చంకలోని థీసిస్ వైపు చూపించాడు.

"అప్పట్లో నాది కూడా ఆయన సంతకం కోసమే ఆగింది. దోసె కావాలన్నారు. రోమ్‌లో ఎవర్నడిగినా, ఇప్పుడే అయిపోయింది అన్నవాళ్ళే. చివరికి నేనూ మా ఇంటి యజమానురాలి దగ్గరికే పోయి, గుండ్రంగా ఉంటుందట, ఏదో ఒకటి చేసిపెట్టమని బతిమాలుకున్నాను."

"ఆమెకి దోసెలు పోయడం వచ్చా సార్?"

"ఎక్కడొస్తుంది? మీ ప్రొఫెసర్‌గారు ఆర్నెల్లపాటు 'అచ్చం మా అమ్మ పోసిన దోసే' అంటూ లొట్టలేసుకొని తిన్నది పిజ్జా!"