లోపల ఇరుక్కున్న ముక్క

"స్టీరింగ్ దొరికింది కదా అని గుట్టలెక్కించేస్తే విరగదూ?"

షెడ్డులో అందరి ముందూ మావగారు పొద్దుటి నుంచి కోడల్ని దులిపేస్తూనే ఉన్నారు. ఆమె పానాలు అందిస్తూనే ఉంది.

నిన్న కోడలు నడుపుతుండగా విరిగిన జీపు యాక్సిల్ సగమే బయటికొచ్చింది. మిగతా ముక్క, రెండు వైపుల యాక్సిళ్లూ కలిసే డిఫరెన్షియల్‌లో ఇరుక్కుంది. ఆయన అవతలి యాక్సిల్ కూడా లాగేసి, అటు నుంచి పొడవాటి కడ్డీతో పొడిచారు. ముక్క ఇవతల కోడలి చేతిలో పడింది. ఆమె గబగబా గుడ్డలో చుట్టబోయింది.

"దాస్తావేం? అందరూ చూడనీ!" అంటూ వచ్చి లాక్కున్నారు.

విరిగినచోట సగమే కొత్తగా మెరుస్తోంది. మిగతా సగం పాత నూనెతో నల్లబడి ఉంది. పగులు నిన్నటిది కాదు. పోయిన నెల, రెండు చక్రాల్నీ కలిపి బిగించే లాకర్ తీయడం మరిచి, తారురోడ్డు మీద మలుపు తిప్పింది ఆయనే. అప్పుడే యాక్సిల్ దగ్గర టక్కుమంది. పక్కసీట్లో కోడలే ఉంది.

ఆమె మెల్లగా చెయ్యి చాపింది.

"ఇటివ్వండి మావయ్యా, తుక్కులో పడేసొస్తా. మీ అబ్బాయి చూస్తే మిమ్మల్ని ఏదో ఒకటి అంటారు."